నోటి వాటా

తెడ్డు బెన్హర్ మూతి మీద పడిన చప్పుడు, అలల హోరులో కూడా, ఇసుక మీద గంప పక్కన కూర్చున్న మస్తానమ్మకు వినిపించింది. ఎండు కొబ్బరిచిప్పను రాతికేసి కొట్టినట్టుంది.

అప్పటికి అలివి వల సగానికి పైగా ఒడ్డుకు వచ్చింది. అటు తాడుకు ఒక గుంపు, ఇటు తాడుకు ఒక గుంపు, మడమలు ఇసుకలో దిగేసుకుంటూ వెనక్కి నడిచి లాగుతున్నారు. వల అడుగున గుండ్లు కట్టిన తాడొకటి ఉంటుంది. అది నేల విడిచి లేచిందంటే చేప దాని కిందుగా జారిపోతుంది. అందుకని ఒక మనిషి రొమ్ములోతు నీళ్లలో నిలబడి, అలలు మొహాన కొడుతున్నా, ఆ తాడును కాళ్లతో తొక్కిపట్టి వలతో పాటే జరుగుతూ రావాలి. మైపాడుకు దక్షిణంగా ఉన్న ఈ పాళెంలో ఆ పని ఏళ్లుగా బెన్హర్‌దే.

"నిదానంగా లాగన్నా, అడుగు లేస్తుండాది," అన్నాడతను. అన్నది పెంచల్‌తో.

పెంచల్ మస్తానమ్మ కొడుకు. వల మస్తానమ్మది. ఆ లెక్కన వల తనదేనని పెంచల్ నమ్మకం. తాడు వదిలేశాడు. పడవలో పడున్న తెడ్డు తీసుకొని నీళ్లలోకి దిగాడు.

"నాకు చెప్తావంట్రా నువ్వు?"

మొదటి దెబ్బ మూతి మీద, రెండోది భుజం మీద. బెన్హర్ మునిగాడు. అల వచ్చి అతన్ని దొర్లించి, మళ్లీ పెంచల్ కాళ్ల దగ్గరే పడేసింది. పెంచల్ వంగి, జుట్టు పట్టి, మొహాన్ని నీళ్లలోకి నొక్కాడు. ఇద్దరు మనుషులు పరిగెత్తి వాడి నడుం పట్టి లాగితే, ఒకడి ముక్కు మీద మోచేతితో కొట్టాడు. ఈ గొడవలో తొక్కేవాడు లేక అడుగుతాడు లేచింది. వల కడుపులోంచి నీళ్ల కింద తెల్లగా ఒక పాయ కదిలి లోతుకు పోవడం ఒడ్డు మీద వాళ్లందరూ చూశారు. పోయిన చేప పోయింది. మిగిలింది లాక్కొచ్చారు.

వల ఒడ్డెక్కాక, సరుకు వేలం పాటకు పెట్టక ముందు, లాగిన ప్రతి మనిషికీ ఇంటి కూరకని ఇన్ని చేపలు పంచుతారు. ఆ పంపకం మస్తానమ్మ చేతి మీదుగా జరుగుతుంది. ఆమె ఇసుక మీద వరుసగా కుప్పలు వేసింది. ఇన్ని నెత్తళ్లు, రెండు కవళ్లు, ఒక కార. బెన్హర్ ఒక పంటి ముక్క అరచేతిలోకి ఉమ్ముకొని చూసుకుంటున్నాడు. పెంచల్ తన కుప్పను కాలితో తన్నాడు.

"ఇదేనా నాకు? ఆ నంగనాచి నాకొడుక్కీ నాకూ ఒకటేనా?"

అవతల మంచుపెట్టెల బండి వచ్చి ఆగింది. పాట పాడేవాళ్లు దిగుతున్నారు. ఒడ్డున తగాదా జరుగుతుంటే వాళ్లు నిలబడరు, మైపాడు ఒడ్డుకు పోతారు. మస్తానమ్మ తల ఎత్తలేదు. చెయ్యి గంపలోకి పోయింది. అరచేతంత చందువా ఒకటి తీసి పెంచల్ కుప్ప మీద పెట్టింది. పెంచల్ నోరు మూసుకున్నాడు.

దానికి ఒడ్డు మీద ఒక పేరు కూడా ఉంది. నోటి వాటా. పెంచల్‌కే కాదు, ఎవడు గట్టిగా అరిస్తే వాడికి పంపకం అయ్యాక ఒక చేప ఎక్కువ పడుతుంది. ఒక చేపతో పోయేదానికి ఒడ్డంతా చెడగొట్టుకోవడం ఎందుకని మస్తానమ్మ అత్త అనేది. అత్త చెయ్యి ఆడకుండా పోయాక ఆ పంపకం మస్తానమ్మకు వచ్చింది, పంపకంతో పాటే ఆ మాటా వచ్చింది. బెన్హర్ తన కుప్పను తువ్వాలులో మూటగట్టుకొని, నోటికి మరో కొస అడ్డం పెట్టుకొని వెళ్లిపోయాడు. అతనికి అన్యాయం జరిగిందని ఎవరికీ తోచలేదు. అతనికీ తోచినట్టు లేదు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో అదే జరిగింది.

సునామీ తరవాత కట్టించిన కాలనీలో వాళ్లది ఒక్క గది ఇల్లు, వెనక రేకుల వంటసాల. కోడలు వనజాక్షి కడుపుతో ఉంది. పసుపూ మంచుగడ్డలూ తీసుకొని బెన్హర్ ఇంటికి పోయి, అతని పెళ్లాం ఎలిశబెతుతో రెండు మాటలు మాట్లాడి వచ్చింది. అది పెంచల్ చెవిన పడింది.

"ఏం చెప్పొచ్చినావు మే వాళ్లకి? నా మొగుడు తప్పు చేసినాడని చెప్పినావా?"

"మూతికి మంచు పెట్టుకోమని చెప్పినా."

మొదటి చప్పుడుకే వంటసాలలో మస్తానమ్మ చెయ్యి మూతపెట్టిన గిన్నె మీదికి పోయింది. అందులో వంజరం ముక్కలు ఉన్నాయి. పొయ్యి మీద పెనం పెట్టింది. గదిలో వనజాక్షి జుట్టు వాడి చేతికి చుట్టుకున్నట్టుంది, తల గోడకు తగిలే చప్పుడు వినపడింది. మస్తానమ్మ కారం, ఉప్పు, పసుపు పట్టించింది. నూనె పోసింది. ఇంకోసారి తల తగిలింది. "కడుపు మీద వొద్దు, కడుపు మీద వొద్దు," అంటోంది వనజాక్షి, అరవకుండా, బజారులో బేరం చెప్పినట్టు ఒకే గొంతుతో. ముక్క నూనెలో పడి చిటపటలాడింది. వాసన గదిలోకి పోయింది.

"పెంచలా, కూడు తిందువు రా నాయనా. వంజరం వేయించినా."

కాసేపు ఏ చప్పుడూ లేదు. తరవాత వాడు వచ్చి చెంబెడు నీళ్లు చేతుల మీద పోసుకొని పీట మీద కూర్చున్నాడు. వేలి కణుపుల మీద చర్మం లేచి ఉంది. ముల్లు జాగ్రత్తగా తీసి పక్కన పెట్టుకుంటూ ముక్కంతా తిన్నాడు.

"ఉప్పు తగ్గింది," అన్నాడు.

వాడు పడుకున్నాక వనజాక్షి వచ్చి పొయ్యి దగ్గర గోడకు ఆనుకొని కూర్చుంది. నోట్లో నీళ్లు పోసుకొని, గిన్నెలు కడిగే జాలాట్లోకి ఎర్రగా ఉమ్మింది. ఒక కన్ను మూసుకుపోయి ఉంది. రెండో కంటితో పెనం వైపు చూసింది.

"అత్తా, ఆ వంజరం ముక్క నాకెప్పుడన్నా పెట్టినావా?"

"ఏంది మే అట్టంటావు? తినరాదా, ఉండాది ఇంకోటి."

"తినేదానికి కాదు. అడుగుతుండా. ఆయన ఊరికే ఉండే రోజు నెత్తళ్ల పులుసు పెడతావు. నన్ను కొట్టిన రోజు వంజరం వేయిస్తావు." పెదవి చిట్లి ఉండటం వల్ల మాట ఆగి ఆగి వచ్చింది. "నేనే ఆయనైతే రోజూ కొడతా అత్తా."

మస్తానమ్మ పెనం దించి కింద పెట్టింది. చెప్పేదేదో నోటిదాకా వచ్చింది. కొట్టేది ఆపడానికే కదా పెట్టిందని. కానీ కొట్టడం ఆగింది ఈ ఒక్క పూటకేనని, పోయిన వారం కూడా ఇట్టాగే ఆగిందని, అంతకు ముందూ ఆగిందని ఆమెకు తెలుసు.

సాయంత్రం బస్సుకు వనజాక్షి గుడ్డసంచి తీసుకొని బయలుదేరింది. వాళ్లమ్మగారిది వాకాడు అవతల పల్లె. మస్తానమ్మ రోడ్డుదాకా వచ్చింది.

"నీ మీద కోపం ల్యా అత్తా," అంది వనజాక్షి, బస్సు ఎక్కుతూ. "ఆయన మారినాడని ఫోన్ చెయ్యబాక. ఆయన సంగతి నాకు తెలుసు. నీ చెయ్యి మారితే చెయ్. అప్పుడు చూస్తా."

మస్తానమ్మ ఇంటికొచ్చి, చల్లారిన పెనం ముందు కూర్చుంది.

మొగుడు పోలేరయ్య బతికున్న రోజుల్లో ఈ పొయ్యి మీద ఇంకా పెద్ద పెనం ఉండేది. అతను తాగి వస్తే ముందు కుండలు పగిలేవి, తరవాత ఆమె. ఉడుకుతున్న పులుసు ఒకసారి మొహాన కొడితే, తప్పుకోబట్టి మెడ మీద పడింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అత్త చెవిలో చెప్పేది, మొండికేసిన ఎద్దుకు గడ్డి చూపించాలే, మంచిది చూసి పెట్టు, కడుపు నిండితే పడుకుంటాడు అని. ఆమె పెట్టింది. అతను పడుకున్నాడు. పెంచల్ కంటే ముందు ఆమె కడుపులో ఒక బిడ్డ ఉండేది. పోలేరయ్య కాలు తగిలి అది పోయింది. ఆ రోజు కూడా, రక్తం ఆగకముందే, పాత చీర చుట్టుకొని, ఆమె పొయ్యి వెలిగించి రొయ్యలు వేయించింది. అతను ఊరుకుంటాడని. ఊరుకున్నాడు.

పెంచల్ పాకే వయసులో పాట జరిగేచోట ఇసుకలో పడి దొర్లేవాడు. ఒకసారి ఆమె మణికట్టు కొరికి పట్టుకొని వదల్లేదు. చుట్టూ బేరగాళ్లు నవ్వుతున్నారు. ఆమె వాడి నోట్లో ఉడికిన రొయ్య ఒకటి పెట్టింది. దాని కోసం వాడు చెయ్యి వదిలాడు. వీడు గడుసోడు మస్తానక్కా అని అందరూ మెచ్చుకున్నారు. ఆమె కూడా మురిసింది.

మర్నాడు వల లాగడానికి బెన్హర్ వచ్చాడు. దవడ వాచి మొహం ఒక పక్కకు ఒరిగినట్టుంది. ఎవరూ అడగకుండానే నీళ్లలోకి దిగి అడుగుతాడు తొక్కాడు. ఆ రోజు పోటు గట్టిగా ఉంది, అలలు తల మీదుగా పోతున్నాయి. అతను మునుగుతూ తేలుతూ ఒడ్డుదాకా వచ్చాడు. తాడు ఒక్కసారి కూడా లేవలేదు. వల కడుపు నిండుగా వచ్చింది.

మస్తానమ్మ కుప్పలు వేసింది. అందరికీ ఒకే తీరు. తరవాత గంపలో పైనున్న చందువా తీసి బెన్హర్ కుప్ప మీద పెట్టింది.

తువ్వాళ్లు పరుస్తున్నవాళ్లు తలలెత్తి చూశారు.

"వొద్దు పెద్దమ్మా," అన్నాడు బెన్హర్, పెదవులు కదల్చకుండా. "నన్ను చంపుతాడు."

"అడుగు తొక్కినావు. చేప పోలా. తీసుకో."

పెంచల్‌కు మొదట అర్థం కాలేదు. పొరపాటున పడిందేమోనని చూశాడు. తరవాత నవ్వాడు.

"మే, కళ్లు కనపడలా నీకు? నా కుప్ప ఇది."

"కనపడతుండాది."

వాడు కుప్పలన్నీ వరసగా తన్నుకుంటూ వచ్చాడు. నెత్తళ్లు ఇసుకలో కలిసిపోయాయి. గంప ఎత్తి బోర్లించాడు. బెన్హర్ చందువా అక్కడే వదిలేసి వెనక్కి జరిగాడు. మస్తానమ్మ ఆ చేపను తీసి పిడికిట్లో పట్టుకుంది. పెంచల్ ఆమె ముందు వంగి చెంప మీద కొట్టాడు.

అంతవరకు వాడు తల్లిని కొట్టి ఎరగడు. చుట్టూ ఉన్నవాళ్లు పెంచల్‌ను చూడలేదు, మస్తానమ్మను చూశారు.

"ఒక చేప పడేయ్ అక్కా, పోనీ," అన్నాడు ఒకడు. "బండి వెనక్కి పోతాది," అన్నాడు ఇంకొకడు. "కన్నకొడుకే గదా, ఎవరికిచ్చినట్టు?"

ఆమె ఇవ్వలేదు. పెంచల్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పిడికిలి విప్పడానికి ఒక్కొక్క వేలూ లాగాడు. ఒక వేలు విప్పితే ఇంకోటి మూసుకునేది. ఊరికే లాక్కుంటే చేప ఎప్పుడో వాడి చేతికి వచ్చేది. కానీ వాడికి కావలసింది చేప కాదు, ఆమె ఇవ్వడం. చెయ్యి వెనక్కి మెలేశాడు. పచ్చి పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది. ఆమె వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి. చేప ఇసుకలో పడింది.

వాడు దాన్ని తీసుకొని సముద్రంలోకి విసిరేసి వెళ్లిపోయాడు.

నెల్లూరు పెద్దాసుపత్రిలో కట్టు వేశారు. ఎట్టా విరిగిందని అడిగితే, కూడా వెళ్లిన ఎలిశబెతు నోరు తెరిచేలోగా, "కొడుకు విరిచినాడు," అని మస్తానమ్మే చెప్పింది. జారి పడ్డానని చెప్పకపోవడం ఆమెకు అదే మొదలు.

చెయ్యి మెడకు వేలాడేసుకొని మళ్లీ ఒడ్డుకు వచ్చింది. ఎడమచేత్తో పంచింది. అడుగు తొక్కినవాడికి ఒకటి. తడిసిన తాడు ఎవరూ చెప్పకుండా చుట్టిపెట్టినవాడికి ఒకటి. అరిచినవాడికి అందరితో పాటే. మొదటి రోజుల్లో నవ్వుకున్నారు. "మస్తానక్క ఇస్కూలు పెట్టిందిరో, చేతులు కట్టుకోండి," అని ఒకడు నిజంగానే చేతులు కట్టుకొని నిలబడ్డాడు. అతనికీ అందరితో పాటే పడింది. ఏళ్లుగా నోటి వాటా తిన్న ముసలి రవణయ్య రెండు పూటలు బూతులు లంకించుకొని, మూడో పూట నోరు నొప్పి పుట్టి మానుకున్నాడు. ఒకరోజు పొద్దునే వచ్చి పడవలో నీళ్లు తోడుతున్నాడు. మస్తానమ్మ అతని కుప్ప మీద ఒక కవళ్ల జత ఎక్కువ వేసింది. అతను సిగ్గుపడి, "నడుం నొప్పికి మంచిదని తోడినాలే," అన్నాడు.

పెంచల్ మాత్రం మరింత రేగాడు. మునుపు కేకేస్తే జరిగే పనికి ఇప్పుడు కొట్టినా జరగడం లేదు. ఇంట్లో కుండలయ్యాయి, టీవీ అయింది, రేకుల వంటసాల ఒక పక్క కూలింది. చేపలు ఎండబెట్టే పందిరికి నిప్పు పెట్టాడు. బెన్హర్ దారిలో కనపడితే రాయి విసిరాడు, అది వీపున తగిలి అతను కాలవలో పడ్డాడు. మస్తానమ్మ కూలిన వంటసాలలోనే మూడు ఇటుకల మీద వండి, తను తినేదే వాడికీ పెట్టింది. అన్నం, పలచటి పులుసు. వాడు కంచం గోడకేసి కొట్టాడు. ఆమె కంచం కడిగి బోర్లించింది. మళ్లీ పెట్టలేదు. గిన్నెలో వంజరం ఉన్న రోజు చెయ్యి పెనం మీదికి పోయి వెనక్కి వచ్చేది. వేయించి పిలిస్తే వాడు వస్తాడని, తిని పడుకుంటాడని, ఈ పూటకు ఇల్లు సద్దుమణుగుతుందని ఆమె చేతికి తెలుసు. వనజాక్షి ఉమ్మిన ఎరుపు జాలాట్లో ఇంకా ఉన్నట్టు అటు చూసేది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం వల ఇసుక మీద ఆరేసి అందరూ తిండికి పోయినప్పుడు, పెంచల్ చేపలు కోసే కత్తి తీసుకొని వల కడుపు కోసేశాడు. అడ్డంగా, నిలువుగా, చేతులు నొప్పి పుట్టేదాకా కోశాడు. చూసిన ఎవరో కేకేశారు.

మనిషిని కొడితే ఆ పాళెంలో ఓర్చుకుంటారు. వల కోస్తే ఓర్చుకోరు. అన్నాలు వదిలేసి వచ్చిన మగవాళ్లు వాణ్ని చుట్టుముట్టారు. కత్తి ఊడబెరికేలోగా ఒకడి అరచెయ్యి తెగింది. ఆ తరవాత తెడ్లు, తాళ్లు, కాళ్లు. పెంచల్ కింద పడ్డాక కూడా ఆగలేదు. వాడి మొహం ఇసుకలో కూరుకుపోయింది. ఒక చెవి చీలింది. పడవకు కట్టేసి మళ్లీ కొట్టారు. ఇన్నాళ్లూ చేప పడేయ్ అక్కా అన్నవాళ్లే అందరికంటే గట్టిగా కొట్టారు. కొట్టనివాడు బెన్హర్ ఒక్కడే. అతను కోసిన వల దగ్గర మోకాళ్ల మీద కూర్చొని, ఎంత తెగిందో చేత్తో తడిమి చూస్తున్నాడు.

మస్తానమ్మ వచ్చింది. ఆమె ఏడవలేదు, అడ్డం పడలేదు. పడవ అంచున ఎడమచెయ్యి ఆనించి నిలబడింది.

"చాలు," అంది. "చస్తే వల ఎవడు కుడతాడు?"

సాయంత్రం ఊరి పెద్ద చెంచయ్య అందరినీ కూర్చోబెట్టాడు. పెంచల్‌ను కట్టు విప్పి మధ్యన కూర్చోబెట్టారు. ఒక కన్ను తెరుచుకోవడం లేదు. దురాయి వేయాలన్నారు కొందరు. దురాయి అంటే ఊరి కట్టు. అది ఉన్నన్నాళ్లు వాణ్ని ఏ పడవా ఎక్కించుకోదు, ఏ అంగడీ సరుకివ్వదు. చెంచయ్య మంచివాడు, నెమ్మదస్తుడు. తగాదా అంటే అతనికి పడదు.

"నా మాటిను మస్తానమ్మా," అన్నాడు. "వాళ్ల నాయన చిన్న పడవ, చిన్న వల నీ దగ్గరుండాయి గదా. అవి వాడికి రాసిచ్చి వేరు పెట్టెయ్. వాడి బతుకు వాడు బతకతాడు, మన ఒడ్డు చల్లగుంటాది. నోటిమాటతో పోతాది."

అందరూ తలూపారు. పెంచల్ తెరుచుకునే ఒక్క కన్నూ ఎత్తి తల్లి వైపు చూశాడు.

"ఆ పడవ వాళ్ల నాయనకు ఎట్టా వొచ్చిందో నీకు తెలవదా చెంచన్నా?" అంది మస్తానమ్మ. "మా ఆయన మా మామ చెయ్యి విరిచినాడు. విరిస్తే ఇచ్చినారు, ఊరుకుంటాడని. ఈ ఒడ్డు మీదే కూర్చోని ఇచ్చినారు. మీ నాయనే ఇప్పించినాడు."

చెంచయ్య గడ్డం గోక్కున్నాడు.

"నేను కూడా పెట్టినా," అంది ఆమె. "వాడికి పళ్లు వొచ్చినకాడ నించి పెట్టినా. ఇప్పుడు నా చెయ్యి విరిచినందుకు పడవ ఇయ్యను. కొట్టిచ్చను కూడా. వల కోసినాడు, కుట్టేదాకా దురాయి ఉండనీ. కుట్టిన రోజున తీసెయ్యండి. అంతకు ఒక్క పూట ముందు కూడా తియ్యబాకండి. నేనొచ్చి కాళ్లు పట్టుకున్నా తియ్యబాకండి."

అట్లాగే తీర్మానించారు.

పెంచల్ కుట్టలేదు. గదిలో పడుకున్నాడు. దెబ్బలకు జ్వరం వస్తే మస్తానమ్మ మాత్ర ఇచ్చింది, గంజి ఇచ్చింది, చెవికి మందు పూసింది. లేచి బూతులు తిడితే బయటికి పోయి అరుగు మీద కూర్చుంది. నెల్లూరు పోతానన్నాడు, పోయాడు, అక్కడ రెండు చోట్ల తగాదా పడి తిరిగొచ్చాడు. పాళెం అంతా అవతలి పాళెం వల దగ్గర కూలికి లాగుతోంది. వాళ్ల తిట్లు వాడి తలుపుదాకా వచ్చేవి.

ఒక పొద్దున వాడు సూది తీసుకొని వల ముందు కూర్చున్నాడు. వాచిన వేళ్లతో ముడి సరిగా పడలేదు. వేసింది విప్పి మళ్లీ వేశాడు. మధ్యాహ్నానికి ఒక జానెడు కూడా కాలేదు. దారం చిక్కుపడింది. లాగాడు, తెగింది. వాడు ఒక్కసారిగా లేచి కత్తి తీసుకున్నాడు. వల అవతలి అంచున తెగిన కన్నులు సరిచేస్తున్న బెన్హర్ కూర్చున్నచోటే బిగుసుకుపోయాడు. పడవల నీడన కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు.

పెంచల్ బెన్హర్‌ను చూడలేదు. తల్లిని చూశాడు. ఆమె గంప పక్కనే కూర్చుని ఉంది. గంపలో వంజరం తోక కనిపిస్తోంది, పొరుగు వల వాళ్లు ఇచ్చింది. ఆమె ఎడమచెయ్యి ఒళ్లో ఉంది. కదల్లేదు. చేపవైపూ పోలేదు, వాడివైపూ పోలేదు.

వాడు చాలాసేపు నిలబడ్డాడు. ఊపిరి తీసుకోవడం దూరానికి కూడా కనపడింది. తరవాత కత్తితో చిక్కు కోసి, కత్తి పక్కన పడేసి, కొత్త దారం సూదికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. బెన్హర్ కాసేపటికి, వాడి వైపు చూడకుండానే, "ముడి కిందనించి తిప్పాల," అన్నాడు. పెంచల్ దవడ బిగిసింది. కిందనించి తిప్పాడు.

వల కుట్టడం అయ్యేసరికి మస్తానమ్మ చేతి కట్టు విప్పారు. మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. దురాయి తీసేశారు.

ఆ పొద్దున కుట్టిన వల వేశారు. బెన్హర్‌కు దవడ నొప్పి తగ్గలేదు, చలి తగిలితే తల దాకా లాగుతోంది. అతను నీళ్లలోకి దిగబోతుంటే పెంచల్ ముందుకొచ్చి తనే దిగాడు. అలవాటు లేని పని, మూడుసార్లు మునిగాడు, ఉప్పునీళ్లు తాగి కక్కాడు. ఒకచోట అడుగు లేచింది, కాసిని చేపలు పోయాయి. ఎవరో ఒక మాట విసిరారు. వాడు తల ఆ మాట వచ్చిన దిక్కుకు తిప్పాడు, మళ్లీ తాడు మీదికి తిప్పుకున్నాడు. కాళ్లు కోసుకుపోయి ఒడ్డెక్కాడు.

కుప్పలు పడ్డాయి. అందరికీ ఒకే తీరు. పెంచల్ తన కుప్ప దగ్గర నిలబడి ఉన్నాడు. చూపు ఇసుక మీదే ఉంది. నోరు తెరవలేదు. ఒడ్డంతా ఎదురుచూసింది. అవతల మంచుపెట్టెల బండి వచ్చి ఆగింది.

మస్తానమ్మ వంకర చెయ్యి గంపలోకి పోయింది. ఒక కార తీసింది. చిన్నది, ఎవరూ కొట్టుకోనిది. దాన్ని పెంచల్ కుప్ప మీద పెట్టింది. తరవాత గంప పాటవాళ్ల వైపు జరిపింది.

అడగకుండా వచ్చిన చేపను ఏం చేయాలో వాడికి తెలియలేదు. చేతిలోకి తీసుకొని చూశాడు. మళ్లీ కుప్ప మీదే పెట్టాడు. తువ్వాలు పరిచి అన్నీ అందులోకి ఎత్తుకున్నాడు.

మధ్యాహ్నం మస్తానమ్మ వనజాక్షికి ఫోన్ చేసింది. బిడ్డ కదులుతోందని వనజాక్షి చెప్పింది. వాకాడు వైపు గాలి ఫోనులో వినిపిస్తోంది.

"చెయ్యి మారింది మే," అంది మస్తానమ్మ.

"ఎన్నాళ్లాయ అత్తా?"

"చెయ్యి విరగక ముందు నించే."

"ఆయన?"

మస్తానమ్మ కూలిన వంటసాల వైపు చూసింది. పెంచల్ పడిపోయిన రేకు ఎత్తి పట్టుకొని, ఒంటిచేత్తో మేకు కొట్టడానికి తంటాలు పడుతున్నాడు. రేకు జారి భుజం మీద పడింది. వాడు బూతు ఒకటి తిట్టి, రేకును మళ్లీ ఎత్తాడు.

"ఒక్క రోజు," అంది.

వనజాక్షి నవ్వినట్టుంది. లేక ఊపిరి విడిచిందో.

"ఇంకా చూడత్తా," అంది.

"చూస్తా," అంది మస్తానమ్మ. ఫోన్ కొంగులో ముడేసుకొని, గిన్నె మూత తీసింది. అందులో నెత్తళ్లు ఉన్నాయి. పులుసుకు చింతపండు నానేసింది.